నలభై సీసీల భయం

అరవై దాటిన మగమనిషికి ఏ కారణాన పొట్ట స్కానింగ్ తీసినా రిపోర్టు అడుగున రెండు మాటలు కనిపించడం మామూలైపోయింది. ఒకటి గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్, రెండోది ప్రోస్టేటోమెగలీ, అంటే ప్రోస్టేట్ గ్రంథి పెరగడం. మొదటిదాన్ని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. "నూనె తగ్గించు నాన్నా" అని ఊరుకుంటారు. రెండోదానికి మాత్రం ఇల్లు అట్టుడికిపోతుంది. ప్రోస్టేట్ 42 సీసీ అట, ఉండాల్సింది 20 అట, రెండింతలయిందట. సాయంత్రానికల్లా రిపోర్టు ఫొటో డల్లాస్‌లో ఉన్న కొడుక్కి వాట్సాప్‌లో వెళ్తుంది. ఆపరేషనా, క్యాన్సరా అని చర్చ మొదలవుతుంది. ఇంత హడావిడిలోనూ పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకుని "మూత్రం ఎలా వస్తోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు" అని అడిగినవాళ్లు ఉండరు.

నేననేది ఒక్కటే. ప్రోస్టేట్ కోసం తీసే స్కానింగ్‌లో ప్రోస్టేట్ సైజు చివర చదవాల్సిన అంకె. దానికంటే ముందు మూడు చూడాలి. మూత్ర సంచి గోడ ఎలా ఉంది, మూత్రానికి వెళ్లొచ్చాక సంచిలో ఎంత మిగిలింది, కిడ్నీలు ఉబ్బాయా. ఈ మూడూ రాయని రిపోర్టులో సైజును దశాంశాలతో సహా రాసినా ఆ స్కానింగ్ సగమే అయినట్టు.

అసలు ఈ 20 సీసీ లెక్క పాతికేళ్ల కుర్రాడిది. అప్పుడు ప్రోస్టేట్ పెద్ద ఉసిరికాయంత ఉంటుంది, మూత్ర సంచి మెడ కింద మూత్రనాళాన్ని చుట్టుకుని. వయసుతో పాటు పెరగడం దాని స్వభావం. మైక్రోస్కోపు కింద చూస్తే యాభైల్లో ఉన్నవాళ్లలో ఇంచుమించు సగం మందికి, ఎనభైల్లో ఉన్నవాళ్లలో నూటికి ఎనభైకి పైగా మందికి ఈ పెరుగుదల కనిపిస్తుంది. వాళ్లందరూ ఇబ్బంది పడరు. ఎంత పెరిగిందన్నదానికంటే ఎటు పెరిగిందన్నది ముఖ్యం. పక్కలకు సాగుతూ పెరిగిన 80 సీసీ గ్రంథి ఏళ్ల తరబడి మనిషిని ఏమీ అనకపోవచ్చు. మధ్య భాగం పైకి, మూత్ర సంచిలోకి చొచ్చుకుని పెరిగితే మాత్రం 30 సీసీ కూడా నానా అవస్థా పెడుతుంది. సింకు కన్నం మీద టమాటా తొక్క వచ్చి కూర్చున్నట్టే. నీళ్ల బరువు పెరిగినకొద్దీ అది మరింత గట్టిగా అతుక్కుంటుంది. పెద్దాయన ముక్కినకొద్దీ దారి మూసుకుపోతుంది.

ఈ చొచ్చుకు రావడాన్ని స్కానింగ్‌లో మిల్లీమీటర్లలో కొలవచ్చు. ఐపీపీ అంటారు. పొట్ట మీద ప్రోబును నిలువుగా పెట్టి, సంచి అడుగు గోడ దగ్గర ఒక గీత గీసి, అక్కడినుంచి ప్రోస్టేట్ మొన దాకా ఎంత దూరమో చూస్తారు. 5 మి.మీ. లోపు ఉంటే మొదటి గ్రేడు, 5 నుంచి 10 దాకా రెండోది, 10 దాటితే మూడోది. మూడో గ్రేడులో ఉన్నవాళ్లకు అడ్డు ఉండే అవకాశం ఎక్కువ, ఉన్నట్టుండి మూత్రం బిగదీసుకుపోయే ప్రమాదమూ ఎక్కువే. కొలవడానికి అర నిమిషం కూడా పట్టదు. అయినా మన దగ్గర చాలా రిపోర్టుల్లో ఈ అంకె ఉండదు. సైజు పక్కన గ్రేడ్ 2 అని మాత్రం ఉంటుంది. ఆ గ్రేడు వేరు, ఇది వేరు. ప్రోస్టేటోమెగలీ గ్రేడులకు అందరూ ఒప్పుకున్న కొలబద్ద లేదు. ఒక సెంటర్లో రెండో గ్రేడు అన్నది వీధి మలుపులో ఇంకో సెంటర్లో మొదటి గ్రేడు కావచ్చు. అందుకే "నిరుడు ఒకటి, ఇప్పుడు రెండు, ముదిరింది" అనుకునే ముందు రెండు రిపోర్టుల్లో సీసీలు ఎన్నో చూడాలి.

ఆ సీసీలైనా రాతిమీద చెక్కినవేమీ కావు. పొడవు, వెడల్పు, మందం సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 0.52తో గుణిస్తారు. కోడిగుడ్డు ఆకారానికి పనికొచ్చే సూత్రం అది. 4.6 × 4.0 × 4.2 × 0.52 చేస్తే 40 సీసీ వస్తుంది. ఇదే మనిషికి ప్రతి కొలతలోనూ మూడేసి మిల్లీమీటర్లు ఎక్కువ పడిందనుకోండి. 4.9 × 4.3 × 4.5 × 0.52, అంటే 49 సీసీ. తెర మీద ప్లస్ గుర్తు ఓ వెంట్రుక అటు జరిగితే తొమ్మిది సీసీలు పుట్టుకొస్తాయి. మూడు మిల్లీమీటర్లు పొరపాటు పడటానికి కారణాలు బోలెడు. ప్రోస్టేట్ కింది కొస జఘనాస్థి నీడలో ఉంటుంది, పొట్ట మీదినుంచి చూస్తే పొడవు సరిగ్గా తెగదు. అడ్డంగా కోసినట్టు చూసేటప్పుడు ప్రోబు ఏటవాలుగా పడితే మందం ఎక్కువ చూపిస్తుంది, ముల్లంగిని ఏటవాలుగా కోస్తే ముక్క పెద్దదైనట్టు. సంచిలోకి పొడుచుకొచ్చిన భాగాన్ని ఒకరు కొలతలో కలుపుతారు, ఇంకొకరు వదిలేస్తారు. కాబట్టి 40 కాస్తా 46 అయిందంటే ప్రోస్టేట్ పెరిగిందని చెప్పలేం. రెండోసారి కొలిచారని మాత్రం చెప్పగలం.

ఇక అసలు తగువంతా నీళ్ల దగ్గర మొదలవుతుంది.

పొట్ట మీదినుంచి ప్రోస్టేట్‌ను చూడాలంటే మూత్ర సంచి నిండి ఉండాలి. స్కానింగ్‌లో వాడే అల్ట్రాసౌండ్ తరంగాలు గాలిలో సరిగా పోవు, నీళ్లలో హాయిగా పోతాయి. నిండిన సంచి పేగుల్ని పక్కకు నెట్టి ప్రోస్టేట్‌కు కిటికీలా పనిచేస్తుంది. ఇందుకు గంట ముందు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు తాగి, మూత్రానికి వెళ్లకుండా ఉంటే సరిపోతుంది. గుండె జబ్బుకో కిడ్నీ జబ్బుకో నీళ్లు తగ్గించమని చెప్పి ఉన్నవాళ్లు ఆ మాట ముందే చెప్పి, తాగకుండా ఆపుకుని కూర్చున్నా సరే. కానీ సెంటర్ల దగ్గర జరిగేది వేరు. కౌంటర్లో అమ్మాయి లీటరు సీసా చేతికిచ్చి "మొత్తం తాగేయండి, ఇంకోటి కూడా తాగండి" అంటుంది. టోకెన్ నంబరు 34. లోపల 19 నడుస్తోంది. గంటన్నర గడిచేసరికి పెద్దాయన కాలు మీద కాలు వేసుకుని, దించి, లేచి, రెండడుగులు నడిచి, మళ్లీ కూర్చుంటాడు. పిలుపొచ్చేసరికి సంచిలో 700 మి.లీ. ఉంటుంది.

మామూలుగా మనిషి సంచి పట్టేది 400, 500 మి.లీ. ఏడొందలకు సాగదీసిన సంచి అతిగా లాగి పట్టు వదిలిన రబ్బరు బ్యాండు లాంటిది, ఒక్కసారిగా ముడుచుకోలేదు. పైగా అంత నిండిన సంచి లోపలికి పొడుచుకొచ్చిన ప్రోస్టేట్‌ను కిందికి నొక్కేస్తుంది కాబట్టి ఐపీపీ తక్కువ చూపిస్తుంది. ఆ కొలతకు సంచిలో 100 నుంచి 200 మి.లీ. ఉంటే బాగుంటుంది. తర్వాత "వెళ్లి పోసుకుని రండి" అంటారు. బాత్రూము బయట ఇంకో ఇద్దరు తలుపు కొడుతుంటారు. పెద్దాయన పోసింది పోసి, పూర్తి కాకుండానే బయటికొస్తాడు. వచ్చేసరికి మంచం మీద వేరేవాళ్లున్నారు. పావుగంట ఆగాలి. లీటరున్నర తాగిన మనిషికి కిడ్నీలు నిమిషానికి 8, 10 మి.లీ. మూత్రం తయారుచేస్తూనే ఉంటాయి. పావుగంటలో 120 నుంచి 150 మి.లీ. కొత్తగా వచ్చి చేరుతుంది. ఇప్పుడు స్కానింగ్ చేసి రిపోర్టులో రాస్తారు: మూత్రం పోశాక మిగిలినది 180 మి.లీ. గణనీయం.

దీన్నే పీవీఆర్ అంటారు. ప్రోస్టేట్ విషయంలో అల్ట్రాసౌండ్ ఇవ్వగలిగినవాటిలో అంతటి విలువైన అంకె ఇంకోటి లేదంటాను, అంతగా పాడుచేస్తున్న అంకె కూడా ఇంకోటి లేదు. సరిగ్గా తీయాలంటే మామూలుగా వేసేంత వేసినప్పుడు, ఎప్పటిలా, తొందర లేకుండా వెళ్లి రావాలి. రాగానే, అయిదు నిమిషాల లోపు చూడాలి. వంద దాటి వస్తే ఇంకోసారి పంపించి చూడాలి. రెండో విడతలో 180 కాస్తా 40కి పడిపోయే మనుషులు చాలామందే. మూత్రం పోసేటప్పుడు కొలత గిన్నె ఇస్తే ఇంకా మంచిది. ముందు సంచిలో 420 ఉంది, గిన్నెలో 350 పడింది, మిగిలింది 70 అయితే లెక్క కుదిరింది. గిన్నెలో 350 పడి లోపల ఇంకా 180 కనిపిస్తుంటే, ఆ తేడా కొత్తగా వచ్చిన మూత్రం, లేదా ఎక్కడో కొలత తప్పింది.

ఎంత మిగిలితే ఎంత భయపడాలి? 50 లోపు అయితే పట్టించుకోనక్కర్లేదు. పెద్ద వయసులో వంద దాకా కూడా చాలామంది డాక్టర్లు ఊరుకుంటారు. 150, 200 మధ్య వస్తే ఇంకో రోజు మళ్లీ తీయాలి, ఎందుకంటే ఒకే మనిషికి ఈ అంకె రోజుకో రకంగా వస్తుంది. 300 దాటి, ఆర్నెల్ల పాటు అలాగే ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిలుపుదల అంటుంది అమెరికా యూరాలజీ సంఘం. ఇంకో మాట, సగం ఖాళీ అయిన సంచి కోడిగుడ్డు ఆకారంలో ఉండదు, నలిగిన దిండులా ఉంటుంది, కాబట్టి 0.52 సూత్రం దానికి సరిగ్గా నప్పదు. 80కీ 100కీ ఉన్న తేడాను తేడాగా లెక్కవేయకండి.

ఇప్పుడు కిడ్నీల సంగతి. ఇక్కడ కూడా నిండు సంచి మోసం చేస్తుంది. ఏడొందల మి.లీ. బిగబట్టుకున్న ఆరోగ్యవంతుడికైనా రెండు కిడ్నీల్లోనూ మూత్రం కాస్త వెనక్కి నిలిచి, స్వల్ప ఉబ్బు కనిపించవచ్చు. మూత్రానికి వెళ్లొచ్చాక చూస్తే మాయమవుతుంది. కాబట్టి "రెండు వైపులా స్వల్ప హైడ్రోనెఫ్రోసిస్" అని రాసే ముందు సంచి ఖాళీ అయ్యాక కిడ్నీలను ఇంకోసారి చూశారా అని అడగాలి. ఖాళీ అయ్యాక కూడా ఉబ్బు ఉందంటే మాత్రం అది ఈ మొత్తం వ్యవహారంలోకెల్లా తీవ్రమైన కబురు. సంచిలో ఒత్తిడి కిడ్నీల దాకా ఎగదన్నుతోందని అర్థం. దీనికి చాలాసార్లు నొప్పి ఉండదు. మూత్రం ఆగిపోయిందన్న బాధా ఉండదు, చుక్కలు చుక్కలుగా వస్తూనే ఉంటుంది. బయటికి కనిపించే గుర్తు ఒక్కోసారి ఒకటే, రాత్రి పక్క తడవడం. "వయసైపోయింది కదా" అని ఇంట్లోవాళ్లు రబ్బరు షీటు వేసి, డైపర్లు కొంటారు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గట్టిగా, ఉబ్బెత్తుగా తగులుతుంది, కానీ ఎవరూ వెయ్యరు. పెద్దాయన కొత్తగా పక్క తడుపుతున్నాడంటే ఆ వారంలోనే స్కానింగ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రెండూ చేయించాలి.

క్రియాటినిన్ పెరిగిందని తెలిసిన పెద్దమనిషికి మొదట తీయాల్సింది అల్ట్రాసౌండే. కిడ్నీ చెడటానికి ఉన్న కారణాల్లో తేలిగ్గా సరిదిద్దగలిగేది ఈ అడ్డే కాబట్టి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇన్నేళ్లయినా పూర్తిగా తేలలేదు. అలాంటి చోట పెరిగిన క్రియాటినిన్‌ను చూడగానే ఇది ఊరి జబ్బే అనుకోవడం సులువు. అయినా డెబ్బై ఏళ్ల మగవాడికి మూత్రం పోయించి సంచినీ కిడ్నీలనూ చూడకుండా ఆ ముద్ర వెయ్యకూడదు. ట్యూబు వేసి సంచి ఖాళీ చేస్తే తగ్గే క్రియాటినిన్‌ను జీవితాంతపు జబ్బుగా రాసేయడం అన్యాయం.

సంచి గోడ గురించి కొంచెం. ఇరుకు దారిలోంచి నెట్టి నెట్టి దాని కండరం కూలీ చేసిన దండలా గట్టిపడుతుంది. బాగా నిండినప్పుడు, అంటే 250 మి.లీ. పైన ఉన్నప్పుడు, లోపలి కండర పొర ఒక్కటే 2 మి.మీ. దాటితే అడ్డు ఉందని అనుమానిస్తారు. మొత్తం గోడ అయితే నిండు సంచిలో 3 మి.మీ. లోపు, ఖాళీ సంచిలో 5 లోపు ఉండటం మామూలు. సగం ఖాళీ సంచిని చూసి "గోడ మందం, సిస్టైటిస్ (సంచి వాపు)" అని రాసిన రిపోర్టులు మందుల షాపుకు దారి తీస్తుంటాయి. గోడ మీద చారలు చారలుగా కండరం లేవడం, పక్కకు చిన్న సంచులు పుట్టడం, అడుగున రాయి చేరడం ముదిరిన అడ్డుకు గుర్తులు. రాయి తెల్లగా మెరుస్తుంది, వెనక నల్లటి నీడ పడుతుంది, పక్కకు దొర్లమంటే అదీ దొర్లుతుంది. దొర్లకుండా గోడకు అతుక్కుని ఉన్నదైతే అది కణితి కావచ్చు, మూత్రనాళం గుండా కెమెరా పంపే సిస్టోస్కోపీ చేసి చూడాలి. ప్రోస్టేట్ లోపల కనిపించే సున్నపు చుక్కలకు మాత్రం ఇంత గొడవ అక్కర్లేదు. "ప్రోస్టేట్‌లో కాల్సిఫికేషన్" అన్నది వయసు మీద పడ్డవాళ్లలో సర్వసాధారణం, దానికి మందూ లేదు, అవసరమూ లేదు.

ఇంకో తిరకాసు షుగరు. ప్రోస్టేట్ 28 సీసీ, ఐపీపీ ఏమీ లేదు, సంచి గోడ పల్చగా ఉంది, కానీ మిగిలింది 400 మి.లీ. ఇలాంటి బొమ్మ కనిపిస్తే ప్రోస్టేట్‌ను తప్పుపట్టే ముందు ఆగాలి. ఇరవై ఏళ్లుగా షుగరున్న మనిషికి సంచి నరాలు మొద్దుబారతాయి. నిండిన సంగతి తెలియదు, పిండే బలమూ ఉండదు. దీనికి ప్రోస్టేట్ గీకే ఆపరేషన్ చేస్తే చివరికి ఖర్చే మిగులుతుంది, మూత్రం రాకపోవచ్చు. అందుకే ఆపరేషన్ మాట ఎత్తకముందే మూత్రధార వేగాన్ని కొలిచే యూరోఫ్లో పరీక్ష అడగాలి. కనీసం 150 మి.లీ. పోయాలి, లేకపోతే ఆ గ్రాఫు చెల్లదు. గరిష్ఠ వేగం సెకనుకు 10 మి.లీ. లోపు ఉంటే అడ్డు అయినా ఉండాలి, సంచి బలహీనతైనా ఉండాలి. ఆ రెంటిలో ఏదో తేల్చుకోవడానికి యూరోడైనమిక్స్ అనే ఇంకో పరీక్ష ఉంది. సన్నటి ట్యూబుతో సంచి లోపలి ఒత్తిడిని కొలుస్తారు.

సైజు పనికిరాదని నేననడం లేదు. చికిత్సలో రెండు చోట్ల దాని అవసరం పడుతుంది. ఒకటి మందు ఎంచుకునేటప్పుడు, ఆ సంగతి చివర్లో చెబుతాను. రెండోది ఆపరేషన్ ఎలా చెయ్యాలో నిర్ణయించేటప్పుడు. 80 సీసీ దాకా మూత్రనాళం గుండా గీకే మామూలు టీయూఆర్‌పీ నడుస్తుంది, దానికి మించితే హోల్మియం లేజరుతో గుజ్జు మొత్తాన్ని ఒలిచి తీసే హోలెప్ లాంటివి చూస్తారు. కానీ ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది సైజు చెప్పదు. మళ్లీ మళ్లీ మూత్రం బిగుసుకుపోవడం, మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్, సంచిలో రాయి, ఆగని రక్తం, అడ్డు వల్ల కిడ్నీ దెబ్బతినడం, మందులు వాడినా తీరని బాధ, ఇవీ కారణాలు. వీటిలో రాయినీ కిడ్నీనీ స్కానింగే పట్టిస్తుంది.

క్యాన్సర్ దగ్గరికొస్తే జనం రెండు వైపులా తప్పు చేస్తారు. సైజు పెరిగిందని వణికేవాళ్లు ఒక వైపు, "స్కానింగ్‌లో గడ్డ ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా ఉండేవాళ్లు ఇంకో వైపు. వయసుతో వచ్చే పెరుగుదల మూత్రనాళాన్ని ఆనుకున్న లోపలి భాగంలో వస్తుంది. క్యాన్సర్లలో పదింట ఏడు వెనక, పురీషనాళం వైపున్న అంచు భాగంలో పుడతాయి. పొట్ట మీద పెట్టిన ప్రోబుకు అందరికంటే దూరంగా ఉండేది ఆ అంచే. పొట్ట ప్రోబు వాడే 3.5 మెగాహెర్ట్జ్ తరంగం లోతుకు పోతుంది గానీ సన్న వివరం చూపించలేదు. అదే అంచు డాక్టరు వేలికి ఎదురుగా, పల్చటి పొర చాటున ఉంటుంది. "స్కానింగ్ తీశాం కదా, వేలు పెట్టి చూడటం ఎందుకు" అని పేషెంటు సిగ్గుపడతాడు, డాక్టరుకు టైము ఉండదు, ఇద్దరూ కలిసి ఆ పరీక్షను ఎగ్గొడతారు. పొట్ట స్కానింగ్ ఎక్కడ గుడ్డిదో వేలు సరిగ్గా అక్కడ చూస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి చెయ్యడం కుదరదు.

ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్‌ను కొలిచే పీఎస్ఏ రక్తపరీక్షకు స్కానింగ్‌తో చుట్టరికం ఉంది. ప్రోస్టేట్ పెద్దదైతే పీఎస్ఏ కూడా కొంత పెరుగుతుంది కాబట్టి పీఎస్ఏను సీసీలతో భాగించి సాంద్రత చూస్తారు. 0.15 దాటితే అనుమానం పెరుగుతుంది. ఇందాకటి 40, 49 సీసీల మనిషినే తీసుకోండి. పీఎస్ఏ 6.5 అనుకుందాం. 40తో భాగిస్తే 0.16, గీత దాటింది. 49తో భాగిస్తే 0.13, గీత లోపలే ఉంది. మూడు మిల్లీమీటర్ల చెయ్యి వణుకు మీద బయాప్సీ నిర్ణయం ఆధారపడకూడదు. సాంద్రత గీతకు దగ్గరగా ఉన్నప్పుడు పొట్ట స్కానింగ్ కొలతను నమ్ముకోకుండా, కింద చెప్పబోయే ట్రస్‌తోనో ఎమ్మారైతోనో మళ్లీ కొలవాలి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, మూత్రం బిగుసుకుని ట్యూబు వేసినప్పుడు తీసిన పీఎస్ఏను అసలు లెక్కలోకి తీసుకోకండి. ఆరు వారాలాగి తీయించాలి.

ట్రస్ అంటే మలద్వారం గుండా చేసే స్కానింగ్. ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టకు చేర్చి పడుకోవాలి. వేలికంటే కాస్త లావున్న ప్రోబుకు తొడుగు వేసి, జెల్లీ రాసి లోపలికి పంపుతారు. 6 నుంచి 10 మెగాహెర్ట్జ్ తరంగం, ప్రోస్టేట్ సెంటీమీటరు దూరంలో, బొమ్మ ఎంతో స్పష్టంగా వస్తుంది. సంచి బిగబట్టుకోనక్కర్లేదు. చూడటం వరకే అయితే పది నిమిషాల పని. 1960ల చివర్లో జపాన్‌లో హిరోకి వతనబే బృందం దీన్ని చేసిన తీరు వింతగా ఉండేది. కుర్చీ మధ్యలోంచి ప్రోబు పైకి నిలబడి ఉండేది, పేషెంటు దాని మీద కూర్చోవాలి. ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటే మొహం ముడుచుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పొచ్చు.

ఇంత దగ్గరినుంచి చూసినా ట్రస్ క్యాన్సర్‌ను నమ్మకంగా పట్టదు. నల్లటి మచ్చలా కనిపించినవన్నీ క్యాన్సర్లు కావు, చాలా క్యాన్సర్లు చుట్టుపక్కల కండ రంగులోనే కలిసిపోతాయి. అందుకే కంటికి కనిపించినా కనిపించకపోయినా పద్ధతి ప్రకారం ఒక్కో వైపు ఆరేసి చొప్పున పన్నెండు ముక్కలు తీసే బయాప్సీ వచ్చింది. దాని లోటు కూడా బయటపడింది. బ్రిటన్‌లో 576 మంది మీద జరిగి 2017లో వెలువడిన ప్రామిస్ అధ్యయనంలో, ముఖ్యమైన క్యాన్సర్లలో నూటికి 93ను ఎమ్మారై పట్టగా, ట్రస్ బయాప్సీ 48నే పట్టింది. ఆ తర్వాతనుంచి ముందు ఎమ్మారై, అవసరమైతే బయాప్సీ అన్న వరస స్థిరపడింది. ఇక్కడ అల్ట్రాసౌండ్ పని సూదికి దారి చూపించడం. ఎమ్మారైలో కనిపించిన మచ్చను ట్రస్ బొమ్మ మీద పొదిగి అక్కడికే సూది పంపే యంత్రాలు పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నాయి. 29 మెగాహెర్ట్జ్‌తో చూసే మైక్రో అల్ట్రాసౌండ్ కూడా వచ్చింది, అయితే అది మన జిల్లా కేంద్రాల దాకా వచ్చేది ఎప్పటికో.

బయాప్సీ అంటే 18 గేజి సూది, ప్రోస్టేట్ చుట్టూ మత్తు ఇంజెక్షన్, టపటపమని తుపాకీ చప్పుడు. కొన్ని రోజులు మూత్రంలో, మలంలో, కొన్ని వారాలు వీర్యంలో రక్తం కనిపించడం మామూలే. భయపడాల్సింది జ్వరానికి. పేగుల్లోని సూక్ష్మజీవులు సూది వెంట ప్రోస్టేట్‌లోకి, రక్తంలోకి పోతాయి. మన దేశంలో ఆ జీవుల్లో చాలా వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగడం మానేశాయి. కాబట్టి బయాప్సీ అయిన రెండు మూడు రోజుల్లో చలితో వణుకు గానీ, 100.4 డిగ్రీల పైన జ్వరం గానీ వస్తే పారాసెటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూడకూడదు, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. మలద్వారం కాకుండా వృషణాలకూ మలద్వారానికీ మధ్య చర్మంలోంచి సూది పంపే పద్ధతిలో ఈ ముప్పు తక్కువ. ఎంచుకునే వీలుంటే అదే అడగండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి వాడుతుంటే ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు.

డాక్టరు రాసే చీటీలో "యూఎస్‌జీ అబ్డామెన్" అని మాత్రమే ఉంటే ఇవేవీ జరగవు. కేయూబీ (కిడ్నీలు, వాటి గొట్టాలు, మూత్ర సంచి), ప్రోస్టేట్, పీవీఆర్, ఐపీపీ అని రాయించుకోవాలి, షుగరు ఉంటే ఆ ముక్కా చేర్చాలి. స్కానింగ్ సెంటర్ హాల్లో "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు కింద ప్రోస్టేట్ పేషెంట్లు కూర్చుని ఉంటారు. దానికీ తమకూ ఏమిటి సంబంధం అనిపిస్తుంది గానీ ఉంది. 1994 నాటి ఆ చట్టం వల్లే మన దేశంలో అల్ట్రాసౌండ్‌ను రిజిస్టరైన చోట, అర్హత ఉన్న డాక్టరే చెయ్యాలి. బ్రిటన్‌లో అయితే శిక్షణ పొందిన సోనోగ్రాఫర్ చేస్తుంది. అంటే ఇక్కడ మీ పొట్ట మీద ప్రోబు పెట్టిన మనిషే రిపోర్టు మీద సంతకం పెట్టే డాక్టరు. ఆ అయిదు నిమిషాల్లోనే "ధార సన్నగా వస్తోంది, రాత్రి నాలుగుసార్లు లేస్తున్నాను" అని చెప్పాలి. "ఇప్పుడు పూర్తిగా పోయలేదు, ఇంకోసారి వెళ్లొస్తాను" అనాలి.

మందు మొదలుపెట్టాక ఏం తీయించాలన్నది మిగిలింది. టామ్సులోసిన్, సిలోడోసిన్ లాంటివి సంచి మెడ కండరాన్ని సడలిస్తాయి, కొద్ది రోజుల్లోనే ధార తెలుస్తుంది. ప్రోస్టేట్ సైజు వీటికి తగ్గదు. మూడు నెలలకు స్కానింగ్ తీయించి "ఇంకా 42 సీసీయే, మందు పనిచెయ్యడం లేదు" అనుకోవడం వృథా దిగులు. పీవీఆర్ ఒక్కటి చూస్తే చాలు. వీటిని వాడుతున్నవాళ్లు, మానేసినవాళ్లు కూడా, శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటి డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. ఆపరేషన్ మధ్యలో కనుపాప పట్టు తప్పి జావలా ఊగుతుంది, ముందే తెలిస్తే ఆయన జాగ్రత్త పడతాడు. జలుబు మాత్రలతోనూ జాగ్రత్త. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మాత్ర రెండు పూటలు వేసుకుని మూడో పూట మూత్రం బిగుసుకుని ఆసుపత్రికి వచ్చే పెద్దవాళ్లు ప్రతి చలికాలంలోనూ ఉంటారు.

ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ వేరే జాతి. గ్రంథి 30, 40 సీసీ దాటినవాళ్లకే వీటి ఫలితం బాగా కనిపిస్తుంది, మందు ఎంపికలో సైజు పనికొస్తుందన్న చోటు ఇదే. ఆర్నెల్లు ఆగితే గానీ ఫలితం రాదు, గ్రంథి నాలుగో వంతు దాకా కుదించుకుపోతుంది. ఆర్నెల్ల నుంచి ఏడాదిలో పీఎస్ఏ కూడా సగానికి పడిపోతుంది. అప్పుడు ల్యాబు రిపోర్టులో 2.6 అని, పక్కన నార్మల్ అని వస్తుంది. దాన్ని 5.2 అని చదవాలి. పడిపోయిన పీఎస్ఏ మందు వాడుతుండగానే మళ్లీ పైకి లేస్తే, మామూలు హద్దు 4 దాటకపోయినా సరే, యూరాలజిస్టుకు చూపించాలి. ల్యాబుకు ఆ మందు సంగతి తెలియదు, హెల్త్ చెకప్ ప్యాకేజీ డాక్టరుకూ తెలియకపోవచ్చు. మందు పేరు, మొదలుపెట్టిన నెల ఆ పీఎస్ఏ కాగితం మీదే పెన్నుతో రాసి పెట్టండి.